అదిరే ఫ్యాన్ పక్కన పనిచేసేవాళ్ల తరఫున ఒక బహిరంగ లేఖ

చిన్న పరిశ్రమల బాధ్యత చూస్తున్న అధికారులకు, ఐటీఐ శిక్షణ చూస్తున్న పెద్దలకు, రైస్ మిల్లు, కారం మిల్లు, వర్క్‌షాపు యజమానులకు, నా తోటి ఫిట్టర్లకు నమస్కారం.

నేను కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్టణంలో 26 ఏళ్లుగా ఫిట్టర్ పని చేస్తున్నాను. రోడ్డు పక్కన సొంత షెడ్డు ఉంది. రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక వెల్డింగ్ సెట్టు, పనికి ఇద్దరు కుర్రాళ్లు. చుట్టుపక్కల రైస్ మిల్లుల ఫ్యాన్లు, కారం మిల్లుల రోటర్లు (లోపల తిరిగే భాగాలు), పిండి మరల పుల్లీలు, చెరువుల దగ్గర ఏరేటర్ల షాఫ్టులు, ఏది పాడైనా చివరికి మాలాంటి వాళ్ల షెడ్డుకే వస్తుంది.

రెండున్నరేళ్ల కిందట మా ఊళ్లోనూ పక్క ఊళ్లలోనూ ఉన్న 14 మంది షెడ్డు యజమానులం కలిసి ఒక అర్జీ పెట్టుకున్నాం. తిరిగే భాగాలను బ్యాలెన్స్ చేసే, అంటే అదరకుండా వాటి చుట్టూ బరువు సమం చేసే మిషన్ ఒకటి అందరికీ అందుబాటులో పెట్టించండి, మా కుర్రాళ్లకు ఆ పని నేర్పించండి అని అడిగాం. రసీదు ఇచ్చారు. తర్వాత మూడుసార్లు తిరిగాం. చివరిసారి వెళ్లినప్పుడు "అది మీ మెయింటెనెన్స్ విషయం, మా పరిధిలోకి రాదు" అని నోటి మాటగా చెప్పి పంపేశారు. కాగితం మీద జవాబు ఇప్పటికీ లేదు. ఎవరి మీదా కోపంతో ఇది రాయడం లేదు. గత సార్వా (ఖరీఫ్ వరి) సీజన్‌లో జరిగింది చూశాక ఊరుకోలేక రాస్తున్నాను.

ఒక మిల్లులో ఊకను లాగే ఫ్యాన్ ఉంది. ఊకను చేత్తో పట్టుకుంటే మెత్తగా, తేలిగ్గా ఉంటుంది కానీ దాన్ని కాలిస్తే మిగిలే బూడిద దాదాపు అంతా సిలికానే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అది రోజంతా ఫ్యాన్ రెక్కలను రాపిడి పెడుతూనే ఉంటుంది. ఒక రెక్క అంచు అరిగి చిల్లు పడింది. సీజన్ మధ్యలో ఫ్యాన్ ఆపితే బయట లారీలు ఆగిపోతాయి. అందుకని రాత్రికి రాత్రి ఒక వెల్డర్‌ను పిలిపించి, రెండంగుళాల చదరం రేకు ముక్క, మూడు ఎం.ఎం. మందంది, ఆ చిల్లు మీద అతికించి పొద్దున్నే ఫ్యాన్ వేశారు. ఆ వెల్డర్‌ను తప్పుపట్టలేను. అతనికి చెప్పిన పని అతను శుభ్రంగా చేశాడు. నేను కోసి తీసేదాకా అతుకు ఊడలేదు.

ఆ రోజు నుంచి ఫ్యాన్ అదరడం మొదలైంది. బోల్టులు బిగించారు. స్టాండు కింద చెక్క ముక్కలు కొట్టారు. బేరింగులు మార్చారు, 20 రోజులకు మళ్లీ మార్చారు, మళ్లీ మార్చారు. నాలుగోసారి బేరింగ్ అరుస్తుంటే గ్రీజు కొట్టడానికి ఒక కుర్రాడు వెళ్లాడు. వాడికి అప్పుడు 20 ఏళ్లు. వాడు అక్కడ ఉండగానే ప్లమ్మర్ బ్లాక్ (బేరింగ్‌ను పట్టి ఉంచే ఇనుప దిమ్మ) మూత బోల్టు తెగింది. షాఫ్టు లేచి పడింది, ఫ్యాన్ వెళ్లి చుట్టూ ఉండే రేకు కేసింగ్‌కు కొట్టుకుంది, చినిగిన రేకు వచ్చి వాడి కుడి ముంజేతికి తగిలింది. ఎముక విరిగింది, నరాలు దెబ్బతిన్నాయి. రోజు కూలీ మీద బతికేవాడు మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఇవాళ్టికీ వాడు ఆ చేత్తో స్పానర్ గట్టిగా పట్టుకోలేడు.

ఆ ఫ్యాన్ నా షెడ్డుకు వచ్చింది. అతుకు వేసిన రేకును కోసి తీసి, పక్క వీధిలో బంగారం పని చేసే ఆయన కాటా మీద పెట్టాను. దగ్గర దగ్గర 60 గ్రాములు తూగింది. ఫ్యాన్ మొత్తం బరువు 40 కిలోలు. నలభై కిలోల్లో 60 గ్రాములు ఎంతలే అనిపిస్తుంది ఎవరికైనా, నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. అందుకే లెక్క మొత్తం ఇక్కడ పెడుతున్నాను. ఈ లెక్క ఇంటర్ ఫిజిక్స్‌లో ఉన్నదే.

ఆ ఫ్యాన్ నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 24 చుట్లు. రేకు ముక్క షాఫ్టు మధ్య నుంచి 350 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. తిరిగే వస్తువు బయటికి లాగే బలం దాని బరువును బట్టి, మధ్య నుంచి ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి, వేగాన్ని వేగంతోనే హెచ్చిస్తే వచ్చే విలువను బట్టి ఉంటుంది. గుణించి చూస్తే ఆ 60 గ్రాముల ముక్క దాదాపు 49 కిలోల బలంతో షాఫ్టును లాగుతోంది. 25 కిలోల బియ్యం బస్తాలు రెండు ఫ్యాన్ అంచుకు కట్టి, వాటిని సెకనుకు 24 సార్లు పైకీ కిందికీ, అటూ ఇటూ గుంజినట్టు. ఫ్యాన్ సొంత బరువు 40 కిలోలే కాబట్టి, ఆ ముక్క పైకి వచ్చిన ప్రతిసారీ అది ఫ్యాన్‌ను దిమ్మ మీద నుంచి లేపడానికే చూస్తుంది. దాన్ని కింద పట్టి ఉంచేవి ఆ మూత బోల్టులు. అవి ఒక సీజన్ పాటు పగలూ రాత్రీ ఆ గుంజుడు భరించాయి, ఒక రోజు వాటిలో ఒకటి తెగిపోయింది. అదే ఫ్యాన్ 2880 చుట్ల మోటారు మీద ఉండి ఉంటే ఆ బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అయ్యేది. దాదాపు 195 కిలోలు.

మరి ఎంతవరకు ఉండొచ్చు? దీనికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణం ఉంది. మొదట ఐఎస్ఓ 1940 అనేవారు, 2016 నుంచి ఐఎస్ఓ 21940-11గా ఉంది. ఫ్యాన్లకూ మామూలు మిషన్లకూ జి 6.3 అనే గ్రేడు. దాని ప్రకారం మా 40 కిలోల ఫ్యాన్‌కు ఆ దూరంలో ఉండదగ్గ తేడా 4.8 గ్రాములు. ఇప్పటి ఇత్తడి రంగు ఐదు రూపాయల బిళ్ల ఒకటి అంతకన్నా బరువు. మా రేకు ముక్క ఆ హద్దుకు 12 రెట్లు పైన ఉంది. ఆ వెల్డర్ ఎదురు రెక్కకు కూడా అదే బరువున్న ముక్క అదే దూరంలో అతికించి ఉంటే ఆ కుర్రాడి చెయ్యి బాగుండేది. దానికి పట్టేది ఇంకో అరగంట. ఆ మాట అతనికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

నేను ఎక్కువగా బాధపడేది ఈ చివరి మాట గురించే. మా ప్రాంతంలో ఏ మిల్లుకు వెళ్లినా "పాత మిషన్ కదా, అదురుతుంది" అంటారు. ముసలివాళ్లకు చేతులు వణికినట్టు మిషన్లు కూడా వయసుతో వణుకుతాయని అందరి నమ్మకం. నలభై ఏళ్ల లేతు మీద రూపాయి బిళ్లను అంచు మీద నిలబెట్టి మిషన్ నడపడం నేను కళ్లారా చూశాను. కొత్తగా కొన్న కారం మిల్లు మొదటి నెలలోనే ఫౌండేషన్ పగలగొట్టడమూ చూశాను. అదురుకు ప్రతిసారీ ఒక కారణం ఉంటుంది. అది దొరుకుతుంది, సరిచేయొచ్చు కూడా.

దీనివల్ల నష్టపోతున్నది ఎవరో వరుసగా చెబుతాను.

1. మిషన్ దగ్గర నిలబడే కూలీలు, హెల్పర్లు. బోల్టు తెగినా, బెల్టు జారినా, గ్రైండింగ్ వీల్ పగిలినా మొదట దెబ్బ తగిలేది వాళ్లకే. ప్రమాదం జరగకపోయినా, అదిరే హ్యాండ్ గ్రైండర్‌ను ఏళ్ల తరబడి పట్టుకునే వాళ్ల చేతులు మొద్దుబారిపోతాయి. 1918లోనే అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రాయి చెక్కే కార్మికుల వేళ్లు తెల్లబడి స్పర్శ కోల్పోవడాన్ని ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ పరీక్షించి రాశారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి గాలితో నడిచే సుత్తులు. వందేళ్లు దాటింది. యూరప్‌లో 2002లో చేతికి తగిలే అదురుకు ఎనిమిది గంటల పనికి ఇంత అని హద్దు పెట్టారు. మన వేడి ఊళ్లలో వేళ్లు తెల్లబడటం అంతగా కనిపించదు. తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండటం, రాత్రిళ్లు నిద్రలో చెయ్యి పట్టేయడం ఉంటాయి. నా దగ్గర పనిచేసి మానేసిన ఒకాయన ఇప్పుడు చొక్కా గుండీలు భార్య చేత పెట్టించుకుంటున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్తే షుగర్ ఉందేమో చూశారు తప్ప, ఏం పని చేస్తావని అడగలేదట.

2. రైతులు. సార్వా కోతలప్పుడు తేమ ధాన్యం ట్రాక్టర్ల మీద మిల్లు ముందు వరసలో ఉంటుంది. బేరింగ్ పోయి మిల్లు ఒక రోజు ఆగితే ఆ ధాన్యం ఇంకో రాత్రి మంచులో ఉంటుంది. మొలక వచ్చినా, రంగు మారినా ధర తగ్గేది రైతుకే. ఆ నష్టాన్ని ఫ్యాన్ రెక్క మీద రేకు ముక్క ఖాతాలో ఎవరూ రాయరు.

3. హమాలీలు. బస్తా లెక్కన కూలీ వాళ్లకు. మిషన్ ఆగిన రోజు ఆ లెక్క సున్నా.

4. చిన్న యజమానులు. బేరింగ్ మీద లోడు రెట్టింపు అయితే బాల్ బేరింగ్ ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇది బేరింగ్ కంపెనీల క్యాటలాగుల్లోనే ఉన్న లెక్క. "నకిలీ బేరింగులు వస్తున్నాయి" అని షాపువాడితో గొడవ పడే యజమానులు చాలామంది ఉన్నారు. నకిలీవి ఉన్న మాట నిజమే. కానీ అసలైనవి వేసినా అదురు అలాగే ఉంటే అవీ పోతాయి.

5. మిల్లు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు. గోడల బీటలు, రాత్రంతా హోరు. ఇంకో సంగతి, బాగా వేడెక్కిన బేరింగ్ పక్కన ఊక దుమ్ము పేరుకుని ఉంటే అది నిప్పు అంటుకోవడానికి చాలు.

ఇప్పుడు ఈ పని ఎంత కష్టమో, ఎంత తేలికో చెప్పాలి. అధికారులు "అది పెద్ద ఫ్యాక్టరీల టెక్నాలజీ" అనుకుంటున్నారేమోనని నా అనుమానం.

మా షెడ్డులో ఫ్యాన్లను, పుల్లీలను ఇలా చూస్తాం. గ్రైండింగ్ చేసి నునుపు పెట్టిన రెండు ఇనుప పట్టీలను ఎత్తుగా పక్కపక్కన పెట్టి, స్పిరిట్ లెవెల్‌తో సమం చేస్తాం. ఫ్యాన్‌కు షాఫ్టు తొడిగి వాటి మీద వదులుతాం. అది మెల్లగా దొర్లి, కాసేపు ఊగి, బరువు పక్క కిందికి వచ్చి ఆగుతుంది. కింద భాగంలో సుద్దతో గీత పెడతాం. పైభాగంలో కొంచెం మైనం అంటించి మళ్లీ వదులుతాం. ఎక్కడ వదిలితే అక్కడే కదలకుండా ఆగేదాకా మైనం కలుపుతూ తీస్తూ ఉంటాం. చివరికి ఆ మైనాన్ని తూచి, అంత బరువున్న రేకు ముక్కను అదే చోట వెల్డింగ్ చేస్తాం. వెల్డింగ్ రాడ్ కరిగి చేరే బరువు కూడా ఉంటుంది కాబట్టి ముక్కను రెండు మూడు గ్రాములు తక్కువగా కోస్తాం. మా కుర్రాడు ఈ పని రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. మొదటిసారి ఫ్యాన్ ఎటు తిప్పి వదిలినా అక్కడే ఆగిపోతే, వాడు దాన్ని పది నిమిషాలు అలా తిప్పుతూనే ఉన్నాడు.

అయితే ఈ పద్ధతి పలచగా పళ్లెంలా ఉన్న వాటికే. కారం మిల్లు రోటర్ లాంటి పొడుగాటి వాటికి చాలదు. ఒక చివర పైన బరువు, ఇంకో చివర కింద అంతే బరువు ఎక్కువుందనుకోండి. పట్టీల మీద పెడితే అది బుద్ధిగా కదలకుండా ఉంటుంది. తిరగడం మొదలుపెట్టగానే రెండు చివర్లూ చెరో వైపు గుంజుతాయి. దాన్ని తిప్పుతూనే, రెండు చోట్ల కొలిచి సరిచేయాలి. దానికి మిషన్ కావాలి. మేం అడిగింది ఆ మిషనే.

మిషన్ మీద ఉన్న ఫ్యాన్‌ను విప్పకుండా అక్కడికక్కడే సరిచేసే దారి కూడా ఒకటుంది. నాలుగు షెడ్లవాళ్లం డబ్బులు వేసుకుని అదురు కొలిచే చిన్న మీటరు కొన్నాక నేర్చుకున్నాం. ముందు ఫ్యాన్‌ను ఉన్నదున్నట్టు తిప్పి బేరింగ్ మీద రీడింగ్ తీసుకుంటాం. సెకనుకు 8.0 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. ఫ్యాన్‌ను మూడు సమ భాగాలు చేసి గుర్తులు పెట్టి, మొదటి గుర్తు దగ్గర 10 గ్రాముల ముక్కను గట్టిగా బిగించి మళ్లీ తిప్పుతాం: 6.9. ఆ ముక్కను రెండో గుర్తుకు మారిస్తే 7.0. మూడో గుర్తుకు మారిస్తే 12.1. ఇక కాగితం, కంపాస్ చాలు. 8 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, దాని అంచు మీద సమ దూరంలో మూడు గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు కేంద్రంగా ఆ గుర్తు దగ్గర వచ్చిన రీడింగ్ అన్ని సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే, మూడు వృత్తాలూ దాదాపు ఒకే చోట కలుస్తాయి. మధ్య నుంచి ఆ చోటికి దూరం 4 వచ్చింది. ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే 2. అంటే 10 గ్రాములకు రెట్టింపు, 20 గ్రాములు వేయాలి. ఎక్కడ? మధ్య నుంచి ఆ చోటు ఏ దిక్కున ఉందో ఆ దిక్కున, ఇక్కడైతే మొదటి గుర్తుకూ రెండో గుర్తుకూ నడుమ. పదో తరగతి చదివినవాడు చేయగల లెక్క ఇది. నాలుగుసార్లూ ఒకే వేగం ఉండాలి. ముక్క బిగించేటప్పుడు ప్రతిసారీ ఫ్యూజు తీసి జేబులో పెట్టుకోవాలి. ఈ రెండో మాట నేను మా కుర్రాళ్లకు రోజూ చెబుతాను.

15 కిలోవాట్ల లోపు చిన్న మిషన్లకు సెకనుకు 1.8 మిల్లీమీటర్ల వరకు అదురు ఉన్నా రోజులకు రోజులు నడుపుకోవచ్చని, 4.5 దాటితే మిషన్‌కు నష్టమని ఐఎస్ఓ 10816 చెప్పింది. మేం మీటరు కొన్నాక వెళ్లిన మిల్లుల్లో 4.5 లోపు ఉన్న ఫ్యాన్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ప్రతి అదురుకూ బ్యాలెన్సింగే మందు అని నేను అనడం లేదు. ముందు ఫౌండేషన్ బోల్టులు చూడాలి. మోటారు నాలుగు కాళ్లూ సమంగా ఆనుతున్నాయా, మోటారును షాఫ్టుకు కలిపే కప్లింగ్ వరసలో ఉందా, షాఫ్టు వంగిందా, రెక్కలకు దుమ్ము గడ్డకట్టిందా చూడాలి. రెక్కలు గీకి శుభ్రం చేస్తే సగం అదురు పోయిన ఫ్యాన్లు ఉన్నాయి. వదులుగా ఉన్న దిమ్మ మీద బ్యాలెన్సింగ్ చేయడం దండగ.

తోటి మెకానిక్‌లకు ఇక్కడ నాలుగు మాటలు. కారం మిల్లులో రోటర్ మీద ఉండే ఒక హ్యామర్ (మిరపకాయలను కొట్టే ఇనుప ముక్క) అరిగిందని అదొక్కటే మార్చకండి. ఎదురుగా ఉన్నదాన్ని కూడా మార్చండి, రెండింటినీ తూచి జత కలపండి. రివైండింగ్‌కు వచ్చిన మోటారు ఫ్యాన్ రెక్క విరిగి ఉంటే అలాగే బిగించి ఇవ్వకండి. లేతు స్పిండిల్ వెనక నుంచి పొడుగాటి రాడ్డును ఆధారం లేకుండా వదిలి స్పీడు పెంచకండి. అది ఒక్కసారి వంగిందంటే కొరడాలా తిరుగుతుంది, పక్కనున్న మనిషి తప్పుకునే టైము ఉండదు. కొత్త గ్రైండింగ్ వీల్ బిగించే ముందు దాన్ని వేలికి తగిలించి చెక్క పిడితో తట్టండి. గంటలా మోగితే మంచిది, కుండ పగిలిన చప్పుడు వస్తే పక్కన పడేయండి. వీల్ మీద రాసిన స్పీడు చదవండి. 200 ఎం.ఎం. వీల్‌ను 2880 చుట్ల మోటారుకు పెడితే అంచు వేగం సెకనుకు 30 మీటర్లు. అదే మోటారుకు 300 ఎం.ఎం. వీల్ పెడితే 45 మీటర్లు, మామూలు వీల్స్ తట్టుకునే వేగం కాదది. నీళ్లు పోసే గ్రైండర్ అయితే సాయంత్రం ముందు నీళ్లు కట్టేసి, వీల్‌ను కాసేపు ఒట్టిగా తిరగనిచ్చి ఆపండి. లేకపోతే రాత్రంతా నీళ్లు వీల్ కింద సగంలోకి దిగి, పొద్దున్నే స్విచ్ వేయగానే అది ఎగిరెగిరి పడుతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్ ప్రకారం గ్రైండింగ్ జరిగే ప్రతి ఫ్యాక్టరీలో ఏ వీల్‌ను ఎంత వేగం దాకా తిప్పొచ్చో మిషన్ దగ్గరే శాశ్వతంగా రాసి పెట్టాల్సి ఉండేది. ఆ వేగం దాటకూడదని కూడా ఉండేది. 21వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరంగా తిరిగే భాగాలకు కంచె ఉండాల్సి ఉండేది. మంచి సెక్షన్లే. కానీ ఆ చట్టంలో కరెంటుతో నడిచే చోట పదిమంది పనిచేస్తేనే ఫ్యాక్టరీ కింద లెక్క ఉండేది. దాని స్థానంలో 2020లో చేసి, 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన కార్మిక భద్రతా కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. నా షెడ్డులో నాతో కలిపి ముగ్గురం. ఆ కుర్రాడి చెయ్యి విరిగిన మిల్లులో ఎనిమిది మంది. 60 గ్రాముల రేకు ముక్కకు లోపల ఎంతమంది ఉన్నారో తెలియదు కదా.

కాబట్టి మేం కోరేవి ఇవి.

1. మేం ఇచ్చిన అర్జీకి రాతపూర్వకంగా జవాబివ్వండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాయండి. అప్పుడు ఎవరిని అడగాలో మాకు తెలుస్తుంది.

2. చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం కింద ఉమ్మడి సదుపాయ కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం నిధులిస్తుంది. మిల్లులు ఎక్కువున్న ప్రతి ప్రాంతంలో అలాంటి కేంద్రం ఒకటి పెట్టి, అందులో రోటర్లను రెండు చోట్ల కొలిచి సరిచేసే బ్యాలెన్సింగ్ మిషన్ ఉంచండి. ఉచితంగా అడగడం లేదు. కిలోకు ఇంత అని రేటు బోర్డు పెట్టండి, కట్టి చేయించుకుంటాం. ఇప్పుడు ఒక రోటర్‌ను ఆటో మీద వేసి పెద్ద ఊరికి పంపి, రెండు రోజులు ఆగి తెచ్చుకోవాల్సి వస్తోంది. సీజన్‌లో ఆ రెండు రోజులు ఏ యజమానీ ఇవ్వడు, అందుకే అదిరే ఫ్యాన్‌తోనే నడుపుతున్నారు.

3. కేంద్రం కట్టేలోపు, అదురు కొలిచే మీటర్లు కొన్ని కొని స్థానిక ఐటీఐల్లో పెట్టి, మెకానిక్‌లకు రోజు అద్దెకు ఇవ్వండి. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

4. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు రెండేళ్లు. ఆ రెండేళ్లలో పట్టీల మీద ఫ్యాన్‌ను బ్యాలెన్స్ చేయడం, పైన చెప్పిన నాలుగు రీడింగుల లెక్క ప్రతి విద్యార్థీ తన చేతులతో ఒక్కసారైనా చేసి బయటికి రావాలి. వెల్డర్ కోర్సు పిల్లలకైతే ఒక్క క్లాసు చాలు: తిరిగే భాగానికి అతుకు వేస్తే ఎదురు పక్కన కూడా వేయాలని. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి పనిచేస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లాంటి సంస్థలు మనకున్నాయి. వాళ్ల చేత ఐటీఐ మాస్టర్లకు వారం రోజుల శిక్షణ ఇప్పించండి.

5. ఇరవై మంది లేని షెడ్లకూ మిల్లులకూ ఏడాదికోసారి సలహా తనిఖీ పెట్టండి. జరిమానా రాసే తనిఖీ అయితే యజమాని గేటు మూసేస్తాడు. మీటరు పట్టుకొచ్చి, ఫ్యాన్ మీద పెట్టి, వచ్చిన అంకెను సుద్దతో కేసింగ్ మీద రాసి వెళ్లండి. ఆ అంకె మీద రోజూ కళ్లు పడతాయి.

6. మిల్లు యజమానులు బాబాయిలకు, అన్నయ్యలకు ఒకే ఒక్క విన్నపం. అదిరే ఫ్యాన్ దగ్గరికి గ్రీజు గన్ ఇచ్చి మనిషిని పంపకండి. గ్రీజు పైపును కంచె బయటికి తీయించండి. చెయ్యి లోపల పెట్టే అవసరం ఉండదు. రాగి పైపు, రెండు నిపుల్‌లు, ఒక పూట పని. కావాలంటే మా షెడ్డులో మజూరీ తీసుకోకుండా చేసి ఇస్తాం.

7. చెయ్యి విరిగిన కుర్రాడికి వైద్య ఖర్చులు పెట్టింది వాళ్ల అక్కాబావలు. చిన్న మిల్లుల్లో రోజు కూలీ మీద పనిచేసేవాళ్లను కూడా ప్రమాద బీమాలో చేర్చే బాధ్యత ఎవరిదో తేల్చి చెప్పండి.

దాళ్వా (రబీ వరి) ధాన్యం ఏప్రిల్‌లో మిల్లులకు రావడం మొదలవుతుంది. అప్పటినుంచి ఫ్యాన్లు పగలూ రాత్రీ తిరుగుతాయి. మార్చి నెలాఖరులోపు రెండో, మూడో కోరికల మీద మీ నుంచి ఒక కబురు వస్తే మా ప్రాంతంలో ఉన్న 30, 40 ఫ్యాన్లను సీజన్‌కు ముందే చూసుకోగలం. ఈలోగా మా షెడ్డులో పట్టీలు, కాటా, మీటరు సిద్ధంగా ఉన్నాయి. ఆదివారాలు ఏ మెకానిక్ అన్న వచ్చినా, ఏ కుర్రాడు వచ్చినా నేర్పిస్తాం. ఫ్యాన్‌ను కూడా తెచ్చుకోండి.

ఇట్లు,
కృష్ణా డెల్టా నుంచి ఒక ఫిట్టర్,
అర్జీ మీద సంతకాలు పెట్టిన 14 మంది తరఫున